క్రూజ్‌లో స్పెషాలిటీ డైనింగ్ ప్యాకేజీ: ఆరుగురి కుటుంబానికి కొనడం సమంజసమేనా?

ప్లేనో ప్రయాణికుడు:

అందరికీ నమస్కారం. డిసెంబరులో గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే రాయల్ కరీబియన్ వారి ఒయాసిస్ తరగతి ఓడలో ఏడు రాత్రుల ప్రయాణానికి టికెట్లు తీసుకున్నాము. దారిలో రోవాటన్, కోస్టా మాయా, కోజుమెల్ అనే మూడు రేవులు ఉన్నాయి. మరో మూడు రోజులు (సీ డేలు) పూర్తిగా సముద్రం మీదే గడుస్తాయి. నేను, నా భార్య, తొమ్మిదేళ్ల అబ్బాయి, నాలుగేళ్ల పాప, తెనాలి నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురం. నాన్నగారు శాకాహారి. మధుమేహం ఉన్నందువల్ల ఆయన రాత్రి ఏడున్నర లోపల భోజనం ముగించాలి. అమ్మ గుడ్డు కూడా ముట్టుకోదు. నేనూ నా భార్యా మాంసాహారులమే గాని గొడ్డుమాంసం తినము.

సంస్థ వెబ్‌సైటులోని క్రూజ్ ప్లానర్‌లో, అదనపు రుసుము ఉండే స్పెషాలిటీ రెస్టారెంట్లలో ఎన్నిసార్లయినా తినే వీలున్న అన్‌లిమిటెడ్ డైనింగ్ ప్యాకేజీ ధర ఒక్కొక్కరికి 260 డాలర్లుగా చూపిస్తోంది. దాని మీద 18 శాతం గ్రాట్యుటీ (సిబ్బందికిచ్చే టిప్పు) కలిపితే నలుగురు పెద్దలకు 1,227 డాలర్లు అవుతుంది. విడిగా చూస్తే స్టీక్‌హౌస్‌లో రాత్రి భోజనం 65, ఇటాలియన్ రెస్టారెంటులో 50, 150 సెంట్రల్ పార్క్ అనే రెస్టారెంటులో 70, సీ డే నాడు మధ్యాహ్న భోజనం 25 డాలర్లుగా ఉన్నాయి. వీటికీ గ్రాట్యుటీ అదనమే.

టికెట్టులోనే భోజనం కలిసి ఉందని చెప్పి అమ్మానాన్నలను ఈ ప్రయాణానికి ఒప్పించాను. ఇప్పుడు మళ్లీ ఇంత సొమ్ము చెల్లించడం అవసరమా అన్నది ఒక సందేహం. చెల్లించకపోతే వారం రోజులపాటు వాళ్లకు రుచించే తిండి దొరకదేమో అన్నది అంతకంటే పెద్ద సందేహం. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

లెక్కల మాస్టారు:

ముందుగా మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేద్దాం. గ్రాట్యుటీతో కలిపి ప్యాకేజీ ఒక మనిషికి 306 డాలర్ల 80 సెంట్లు పడుతుంది. రాత్రి భోజనం సగటున 60 డాలర్లు అనుకుంటే గ్రాట్యుటీతో 70.80 అవుతుంది. అంటే ఏడు రాత్రుల్లో నాలుగు రాత్రులు స్పెషాలిటీలో తిన్నా పెట్టుబడి తిరిగి రాదు. అయిదో రాత్రి కూడా తింటేనే వస్తుంది. మూడు సీ డేలలోనూ మధ్యాహ్నం అక్కడే తింటే ఒక్కొక్కటి 29.50 చొప్పున 88.50 డాలర్లు జమ అవుతాయి. అప్పుడు మూడు రాత్రులతో దాదాపు సరిపోతుంది, నాలుగో రాత్రి నుంచి లాభం మొదలవుతుంది.

కాగితం మీద ఇది సాధ్యంగానే కనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో మీ నాన్నగారు మూడు మధ్యాహ్నాలు, నాలుగు రాత్రులు గంటన్నర చొప్పున ఒకే కుర్చీలో కూర్చుని, మూడు నాలుగు విడతలుగా వచ్చే పాశ్చాత్య భోజనాన్ని ఇష్టంగా తినాలి. ఆయన అలా తింటారా అన్నది మీకే తెలియాలి. తినరనుకుంటే ఆయన పేరు మీద కట్టిన 306 డాలర్లలో సగం కూడా తిరిగి రాదు.

ఇంకొక విషయం. ఆల్కహాల్ ప్యాకేజీ విషయంలో ఒకరు కొంటే అదే గదిలో ఉన్న పెద్దలందరూ కొనాలనే నిబంధన ఈ సంస్థలో ఉంది. డైనింగ్ ప్యాకేజీకి అటువంటి నిబంధన లేదు. నలుగురికీ కొనాలని మీరు ముందే నిర్ణయించుకున్నట్టు ప్రశ్నలో కనిపిస్తోంది కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

కడలిగువ్వ:

నేను మాస్టారి అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవించలేను. మా పదిహేనో పెళ్లిరోజుకు నేనూ మావారూ ఏడు రాత్రుల ప్రయాణానికి ఇదే రకమైన ప్యాకేజీ తీసుకుని ఆరు రాత్రులు వాడుకున్నాము. డబ్బు పరంగా ఎంత మిగిలిందో నేను లెక్క పెట్టలేదు. మాకు మిగిలింది మరొకటి. ప్రతి సాయంత్రం "ఈ రెస్టారెంటుకు వెళదామా, అంత ఖర్చు అవసరమా" అన్న మాట మా మధ్య రాలేదు. మెనూలో తెలియని పదార్థం కనిపిస్తే ధైర్యంగా తెప్పించుకున్నాము, నచ్చకపోతే మరొకటి అడిగాము. టికెట్టులోనే భోజనం కలిసి ఉండే మెయిన్ డైనింగ్ రూమ్‌లో వందల మంది మాటల హోరులో తినడానికీ, కిటికీ పక్కన ఇద్దరికే వేసిన బల్ల దగ్గర రెండు గంటలు మాట్లాడుకుంటూ తినడానికీ చాలా తేడా ఉంది. ఉద్యోగాల వల్ల సంవత్సరమంతా విడివిడిగా తినే దంపతులకు ఆ రెండు గంటల విలువ కాలిక్యులేటర్‌తో తేలదు.

అయితే పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న కుటుంబానికి ఇదే మాట చెప్పగలనా అంటే, చెప్పలేను.

లెక్కల మాస్టారు:

కడలిగువ్వ గారూ, మీరు చెప్పిన ప్రశాంతతను నేను తక్కువ చేయడం లేదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. 70 డాలర్ల భోజనం తింటే 70 డాలర్ల లాభం పొందామని మనం అనుకుంటాము. కానీ టికెట్టు కొన్నప్పుడే మెయిన్ డైనింగ్ రూమ్ భోజనానికి డబ్బు చెల్లించాము. ఆ రాత్రి అక్కడ తినకపోతే ఎవరూ వాపసు ఇవ్వరు. కాబట్టి మనకు నిజంగా దక్కేది ఉచిత భోజనానికీ స్పెషాలిటీ భోజనానికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. స్టీకులు ఇష్టంగా తినేవారికి ఆ తేడా పెద్దది. పప్పు, అన్నం, కూర కోరుకునే మనిషికి ఆ తేడా సున్నా కావచ్చు, ఒక్కోసారి సున్నా కంటే కిందికీ పోవచ్చు, ఎందుకంటే ఆయన కోరుకునేది ఉచితంగా దొరికే చోటే ఉంటుంది.

తెల్లచామంతి:

ఆ చివరి వాక్యం నూటికి నూరు పాళ్లూ నిజం. మా అత్తగారితో జరిగినది చెబుతాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. ముందుగా తగ్గింపు ధర కనిపించిందని అందరికీ మూడు రాత్రుల ప్యాకేజీ కొన్నాము. మొదటి రాత్రి స్టీక్‌హౌస్‌కు తీసుకువెళితే ఆవిడ తినగలిగినవి ఒక సలాడ్, వేయించిన పుట్టగొడుగులు, ఉడికించిన బంగాళాదుంప, చివర ఒక చీజ్‌కేక్ ముక్క. చీజ్‌కేక్‌లో గుడ్డు ఉంటుందని అక్కడే తెలిసి దాన్నీ వదిలేశారు. పక్క బల్లల మీద మాంసం కోస్తుంటే ఆవిడ తల వంచుకుని కూర్చున్నారు. గదికి వచ్చాక ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలు తిన్నారు. డబ్బు పోయిందని కాదు, ఆవిడను అలా కూర్చోబెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ తరువాతి ప్రయాణాల్లో నేను ప్రతి రెస్టారెంటు మెనూనూ శాకాహారి కళ్లతో చదవడం నేర్చుకున్నాను. ఇటాలియన్ రెస్టారెంటే మనవాళ్లకు కొంత అనుకూలం. కానీ అసలైన పర్మేజాన్ చీజ్ తయారీలో దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు కాబట్టి పట్టింపు ఉన్నవారు చీజ్ వేయవద్దని చెప్పాలి. తిరమిసులో గుడ్డు ఉంటుంది. తాజాగా చేసిన పాస్తాలో కూడా గుడ్డు ఉండవచ్చు, ఎండు పాస్తాలో సాధారణంగా ఉండదు. జపనీస్ రెస్టారెంటులో మిసో సూప్ చూడడానికి శాకాహారంలాగే ఉంటుంది గాని దాని రసం ఎక్కువగా ఎండు చేపతో కాస్తారు. టెప్పన్‌యాకీలో ఒకే ఇనుప పెనం మీద రొయ్యలూ కూరగాయలూ పక్కపక్కనే వేస్తారు, విడిగా వండి తెమ్మని ముందుగానే అడగాలి. బుకింగ్ చేసేటప్పుడే శాకాహారం, గుడ్డు లేకుండా అని రాయించండి. అక్కడికి వెళ్లాక మరొకసారి నోటితో చెప్పండి.

ప్లేనో ప్రయాణికుడు:

తెల్లచామంతి గారూ, మీ అత్తగారి విషయం చదివాక మా అమ్మ కళ్ల ముందు మెదిలింది. ధన్యవాదాలు. ఇంతకూ మెయిన్ డైనింగ్ రూమ్‌లో మన వంటలు దొరుకుతాయని కొందరు అంటారు, మెనూలో మాత్రం కనిపించవు. ఇది ఎంతవరకు నిజం? పిల్లలకు విడిగా ప్యాకేజీ కొనాలా?

అయిదో డెక్కు:

నేను విశాఖపట్నంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి తొమ్మిదేళ్లు వేర్వేరు క్రూజ్ ఓడల్లో పనిచేశాను. మొదట అసిస్టెంట్ వెయిటర్‌గా, తరువాత వెయిటర్‌గా మెయిన్ డైనింగ్ రూమ్‌లోనూ, చివరి రెండు కాంట్రాక్టులు స్టీక్‌హౌస్‌లోనూ చేశాను. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

స్పెషాలిటీ రెస్టారెంటులో భోజనం ఎందుకు బాగుంటుందో చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. అక్కడి వంటవాళ్లు గొప్పవాళ్లని, మెయిన్ డైనింగ్ రూమ్ వంటవాళ్లు సామాన్యులని కాదు. తేడా సంఖ్యలో ఉంది. మెయిన్ డైనింగ్ రూమ్ గ్యాలీ, అంటే ఓడ వంటగది, ఒక సాయంత్రం కొన్ని వేల పళ్లేలు పంపాలి. ఒకే సిటింగ్‌లో (నిర్ణీత వేళ పంక్తిలో) కూర్చున్న వందల మందికి దాదాపు ఒకే సమయంలో మెయిన్ కోర్సు వెళ్లాలి. కాబట్టి అక్కడ వంట మన పెళ్లి వంటలాగా సాగుతుంది, పదార్థం ముందే సిద్ధమై వేడి పెట్టెలో ఎదురు చూస్తుంది. స్టీక్‌హౌస్‌లో మీరు చెప్పాకే పొయ్యి మీద వేస్తారు. వేడి మీద వేడిగా తింటేనే బాగుండే వాటికి, అంటే మాంసం ముక్క, చేప, సూఫ్లే వంటి వాటికి, ఈ తేడా పెద్దగా తెలుస్తుంది. పప్పు, కూర, పులుసు వంటివి ఎంత ఎక్కువ మోతాదులో వండితే అంత కుదురుతాయని మనందరికీ తెలుసు. వాటికి ఈ తేడా ఉండదు.

ఇక మన వంటల సంగతి. పెద్ద ఓడల్లో చాలావాటి గ్యాలీల్లో భారతీయ వంటవాళ్లు ఉంటారు, ఎందుకంటే ఓడ సిబ్బందిలో మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటారు, వాళ్లకూ రోజూ వండిపెట్టాలి. మొదటి రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌లో కూర్చోగానే మీ వెయిటర్‌తో కాక హెడ్ వెయిటర్‌తో మాట్లాడించమని అడగండి. ఇద్దరు శాకాహారులు ఉన్నారని, గుడ్డు కూడా వద్దని, వారమంతా రాత్రిపూట భారతీయ భోజనం కావాలని చెప్పండి. మొదటి రాత్రి ఏదో ఒకటి సర్దుతారు. రెండో రాత్రి నుంచి పప్పు, ఒక కూర, అన్నం, రొట్టె వస్తాయి. రేపటికి ఏం కావాలో ముందు రాత్రే చెప్పడం అలవాటు చేసుకోండి. కారం కావాలని గట్టిగా చెప్పకపోతే చప్పగా వస్తుంది. మీరు ఆశించే గోంగూర, గుత్తివంకాయ రావు. ఎక్కువగా ఉత్తరాది పద్ధతిలో వస్తాయి. ఓడను బట్టి, ఆ కాంట్రాక్టులో ఉన్న వంటవాణ్ని బట్టి రుచి మారుతుంది.

ఈ ఏర్పాటు సజావుగా సాగాలంటే ట్రెడిషనల్ డైనింగ్, అందులోనూ తొలి సిటింగ్ ఎంచుకోండి. రోజూ అదే బల్ల, అదే వెయిటర్ ఉంటారు కాబట్టి మీ నాన్నగారి అలవాట్లు రెండో రోజుకే వాళ్లకు తెలిసిపోతాయి. మధుమేహం ఉన్న మనిషికి రోజూ ఒకే వేళకు తినడం కూడా కుదురుతుంది. నలుగురికీ అన్‌లిమిటెడ్ ప్యాకేజీ కొని రోజుకో చోట, రోజుకో వేళకు తింటే ఈ సౌకర్యం పూర్తిగా పోతుంది. సొమ్ము సంగతి పక్కన పెట్టినా, మీ నాన్నగారికి ఆ ప్యాకేజీ వద్దనడానికి నాకు ఇదే ప్రధాన కారణం.

పిల్లల విషయం. మీరు వెళ్లే సంస్థలో ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు స్పెషాలిటీ రెస్టారెంటులో పెద్దల ధర కాకుండా తక్కువ నిర్ణీత రుసుము ఉంటుంది, నాలుగేళ్ల పాపకు రుసుమే ఉండదు. పిల్లలకు ప్యాకేజీ అవసరం లేదు. పిల్లల క్లబ్బు రాత్రి పది వరకు ఉచితమే కాబట్టి మీ దంపతులు ఒక రాత్రి విడిగా తినాలనుకుంటే ఆ వీలు కూడా ఉంది.

కడలిగువ్వ:

అయిదో డెక్కు గారూ, ఇంత లోపలి విషయాలు చెప్పినందుకు కృతజ్ఞతలు. ఒక్క సందేహం. ఓడ ఎక్కిన రోజు ప్యాకేజీ చవకగా ఇస్తారని విన్నాను, ఆగడం మంచిదా?

అయిదో డెక్కు:

ఒక్కో రెస్టారెంటుకు మొదటి రాత్రి తగ్గింపు ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను, ఎందుకంటే ఆ రాత్రి ఎక్కువమంది బఫేకో మెయిన్ డైనింగ్ రూమ్‌కో వెళతారు, బల్లలు ఖాళీగా ఉంటాయి. ప్యాకేజీ మాత్రం ఇంటి దగ్గర ఉండగానే క్రూజ్ ప్లానర్‌లో కొనడం సాధారణంగా మేలు. ధర రోజురోజుకూ మారుతుంది. మీరు కొన్నాక తగ్గితే ప్రయాణానికి ముందే రద్దు చేసుకుని కొత్త ధరకు మళ్లీ కొనవచ్చు. ఓడ ఎక్కగానే బఫే గుమ్మం దగ్గర, లిఫ్టుల దగ్గర సిబ్బంది నిలబడి అమ్ముతారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు గాని వాళ్ల మీద అమ్మకాల ఒత్తిడి ఉంటుందని గుర్తుంచుకోండి. నేనూ ఆ బల్ల దగ్గర నిలబడినవాడినే.

ఎడిసన్ వాసి:

నార్వేజియన్ అనే మరో క్రూజ్ సంస్థలో ప్రయాణించేవారికి ఈ లెక్క కొంత వేరుగా ఉంటుంది కాబట్టి ఇక్కడే చేరుస్తున్నాను. ఆ సంస్థ 2000లో ఫ్రీస్టైల్ క్రూజింగ్ అనే పద్ధతిని ప్రవేశపెట్టి, నిర్ణీత వేళ, నిర్ణీత బల్ల అనే సంప్రదాయాన్ని తీసేసింది. లె బిస్ట్రో, కాగ్నీస్, టెప్పన్‌యాకీ వంటి స్పెషాలిటీ రెస్టారెంట్లు అక్కడ ప్రయాణంలో ప్రధాన భాగం. టికెట్టుతో పాటు ఇచ్చే సౌకర్యాల కట్టలో కొన్ని స్పెషాలిటీ భోజనాలు కూడా వస్తాయి. అయితే అవి గదిలో మొదటి ఇద్దరికే వర్తిస్తాయి, మూడో మనిషికి విడిగా చెల్లించాలి. ఆ భోజనాల మీద కూడా 20 శాతం గ్రాట్యుటీ ముందే వసూలు చేస్తారు కాబట్టి ఉచితం అన్న మాటను పూర్తిగా నమ్మకూడదు. ఒక్కో భోజనానికి ఇన్ని పదార్థాలే అన్న పరిమితి కూడా ఉంటుంది. టెప్పన్‌యాకీలో వంటవాడు గరిటెలు ఎగరేస్తూ చేసే ప్రదర్శన మా పిల్లలకు వారమంతటిలోకీ ఎక్కువగా నచ్చింది.

కార్నివాల్ సంస్థ ఓడల్లో వెళ్లేవారికి డైనింగ్ రూమ్ మెనూలోనే ఒక భారతీయ శాకాహార వంటకం రోజూ ఉంటుంది, ప్రత్యేకంగా అడగవలసిన పనిలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి అది తెలిసి ఉండాలి.

పాత రేవు:

చర్చకు దూరం కాకుండా కొంచెం చరిత్ర. టికెట్టులో భోజనం ఉండగా పైన డబ్బు కట్టి వేరే బల్ల దగ్గర తినడం ఈనాటి వ్యాపార ఎత్తు అని చాలామంది అనుకుంటారు. 1905లో హాంబర్గ్ అమెరికా లైన్ వారి అమెరికా అనే ఓడలో రిట్జ్ పేరుతో విడిగా డబ్బు కట్టే రెస్టారెంటు తెరిచారు. 1912లో టైటానిక్ మొదటి తరగతిలోనూ లుయీజీ గాటీ నడిపిన అ లా కార్ట్ రెస్టారెంటు ఉండేది. అక్కడే తినాలనుకుని టికెట్టులో భోజనం వద్దన్నవారికి ఛార్జీలో తగ్గింపు ఇచ్చేవారు. 1936లో ప్రయాణం మొదలుపెట్టిన క్వీన్ మేరీలో వెరాండా గ్రిల్‌కు అదనపు రుసుము ఉండేది.

మాస్టారు పైన చెప్పిన అభ్యంతరానికి టైటానిక్ కాలంలో సమాధానం ఉండేదన్నమాట. తినని భోజనానికి డబ్బు తగ్గించేవారు. ఈనాడు ఆ తగ్గింపు లేదు. ప్యాకేజీ విలువను అంచనా వేసేటప్పుడు ఈ ఒక్క మార్పునూ లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

సైనిక్‌పురి:

సింగపూర్ నుంచి వెళ్లే మన హైదరాబాదు వాళ్ల కోసం రెండు మాటలు. మెరీనా బే టెర్మినల్ నుంచి స్పెక్ట్రమ్ ఓడలో నాలుగు రాత్రులు వెళ్లాము. అక్కడి స్పెషాలిటీ రెస్టారెంట్లలో హాట్ పాట్, సిచువాన్ రెడ్ వంటివి ఆసియా రుచులకు చెందినవి. బఫేలో భారతీయ వంటకాలు రోజూ ఉన్నాయి. నాలుగు రాత్రుల్లో ఒక రాత్రి ఓడ ఎక్కిన అలసటలో, ఒక రాత్రి పెట్టెలు సర్దుకోవడంలో పోయాయి. ఇంత చిన్న ప్రయాణానికి ప్యాకేజీ కంటే నచ్చిన ఒక్క రెస్టారెంటులో ఒక్క భోజనం కొనుక్కోవడం మేలని మా అందరికీ అనిపించింది.

భీమిలి అలలు:

దేశం లోపలి ప్రయాణాలకు ఈ ప్రశ్నే దాదాపు ఉండదు. 2022లో కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ విశాఖపట్నం వచ్చినప్పుడు మేము చెన్నై వైపు వెళ్లాము. భారతీయ భోజనం, జైన భోజనం అన్నీ టికెట్టులోనే ఉన్నాయి.

నేను ఇక్కడికి వచ్చింది మరొక సంగతి చెప్పడానికి. తరువాత ఒక విదేశీ సంస్థ ఓడలో అన్‌లిమిటెడ్ ప్యాకేజీ కొన్నాము. ఓడ ఎక్కాక రిజర్వేషన్లు చేసుకోవచ్చని చెప్పారు. మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లేసరికి వారమంతటికీ ఆరు నుంచి ఎనిమిది వరకు ఉన్న వేళలన్నీ నిండిపోయాయి. మాకు మిగిలినవి అయిదుంపావు, తొమ్మిదుంపావు. అయిదుంపావుకు రేవు నుంచి ఇంకా తిరిగి రాము, తొమ్మిదుంపావుకు పిల్లలు నిద్రపోతారు. రెండుసార్లు ముందే బుక్ చేసుకున్న నాటకం వదులుకుని భోజనానికి వెళ్లాము, ఒకసారి భోజనం వదులుకుని మంచు మీద స్కేటింగ్ ప్రదర్శనకు వెళ్లాము. మొత్తం మీద ఏడు రాత్రుల్లో మూడే వాడుకున్నాము. కాబట్టి ప్యాకేజీ కొనేవారు ముందుగా ఓడలోని ప్రదర్శనలను బుక్ చేసుకుని, రేవుల నుంచి తిరిగి వచ్చే వేళలను ఒక కాగితం మీద రాసుకుని, ఆ తరువాత ఎన్ని సాయంత్రాలు నిజంగా ఖాళీగా మిగిలాయో చూసి నిర్ణయించుకోవాలి. ఓడ ఎక్కిన వెంటనే, గదికి కూడా వెళ్లకముందే, రిజర్వేషన్లు పూర్తి చేయాలి.

ప్లేనో ప్రయాణికుడు:

అందరి సలహాలూ అమ్మానాన్నలకు చదివి వినిపించాను. నాన్నగారు శ్రద్ధగా విని, "నాకు రాత్రి పూట పప్పన్నం, పెరుగు ఉంటే చాలు, మీరిద్దరూ ఒక పూట ఎక్కడికైనా వెళ్లిరండి" అన్నారు. అమ్మకు మాత్రం అందరితో కలిసి ఒక్కసారైనా ఆ ఇటాలియన్ రెస్టారెంటు చూడాలని ఉంది.

స్టీక్‌హౌస్ మా మనసులోంచి పోయింది. గొడ్డుమాంసం తినని మేము అక్కడికి వెళ్లి 65 డాలర్లకు కోడి, చేప తినడంలో అర్థం లేదని ఇప్పుడు తెలిసింది. ప్యాకేజీ ధరలో స్టీక్‌హౌస్ వాటా ఎంత పెద్దదో అంతకుముందు ఆలోచించలేదు.

లెక్కల మాస్టారు:

మీ కొత్త ఆలోచన ప్రకారం లెక్క ఇది. మీ దంపతులకు 150 సెంట్రల్ పార్క్‌లో ఒక రాత్రి గ్రాట్యుటీతో 165.20. ఇటాలియన్‌లో నలుగురు పెద్దలకు 236. అబ్బాయి రుసుము 15 డాలర్ల దాకా ఉండి దానిమీదా గ్రాట్యుటీ వేసినా 18 దాటదు. మొత్తం సుమారు 419 డాలర్లు. అనుకున్న 1,227తో పోలిస్తే 808 డాలర్లు మిగులుతాయి. ఇటాలియన్‌ను సీ డే మధ్యాహ్నానికి మార్చగలిగితే, ఆ రోజు అది తెరిచి ఉంటే, ఇంకా తగ్గుతుంది. నాన్నగారి రాత్రి భోజనం వేళకూ భంగం ఉండదు.

తెల్లచామంతి:

మధ్యాహ్నం ఆలోచన బాగుంది. పెరుగు సంగతి కూడా చెబుతాను. ఉదయం బఫేలో తీపి కలపని పెరుగు ఉంటుంది, రాత్రికి కావాలంటే డైనింగ్ రూమ్‌లో అడగండి, తెచ్చిస్తారు. కంపెనీ సీలు ఉన్న పచ్చడి పొట్లాలు, పొడులు సూట్‌కేసులో పెట్టుకోవచ్చు. ఇంట్లో వండిన పదార్థాలను ఓడలోకి అనుమతించరు, ఇంటి ఆవకాయ సీసా గుమ్మం దగ్గరే ఆగిపోవచ్చు. కోజుమెల్‌లో దిగేటప్పుడు మాత్రం ఏ తిండీ వెంట తీసుకెళ్లవద్దు.

ప్లేనో ప్రయాణికుడు:

ప్రయాణం ముగిసి ఇంటికి వచ్చాము. ఎదురుచూస్తున్నవారి కోసం రాస్తున్నాను.

తొలి సిటింగ్ తీసుకున్నాము. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌తో మాట్లాడాను. ఆయన కేరళ మనిషి, నాన్నగారి వేళ గురించి చెప్పగానే రాసుకున్నారు. రెండో రాత్రి నుంచి పప్పు, బెండకాయ కూర, ఆలూగడ్డ, బఠాణీ కూర ఇలా రోజుకొకటి వచ్చాయి. కారం మూడో రాత్రికి గాని కుదరలేదు. నాన్నగారు ఏడు రాత్రులూ ఏడున్నర లోపలే భోజనం ముగించి లేచారు. అమ్మ తెనాలి నుంచి తెచ్చిన కరివేపాకు పొడి సీలు పొట్లాన్ని మా వెయిటర్‌కు కూడా రుచి చూపించింది.

ఇటాలియన్ రెస్టారెంటుకు సీ డే మధ్యాహ్నం వెళ్లాము. అమ్మకు చీజ్ లేకుండా, గుడ్డు లేని ఎండు పాస్తాతో వండి తెచ్చారు. తెల్లచామంతి గారు చెప్పి ఉండకపోతే నేను ఆ మాట అడిగేవాడినే కాదు. పాప నిద్రపోయింది, అబ్బాయి రెండు పళ్లేలు తిన్నాడు. మా ఇద్దరి విందు కోస్టా మాయా రాత్రి. పిల్లలను క్లబ్బులో దింపి వెళ్లాము. చెట్ల మధ్య నడిచివెళ్లి ఆ బల్ల దగ్గర రెండుంపావు గంటలు కూర్చున్నాము. కడలిగువ్వ గారు చెప్పినది ఆ రాత్రి అర్థమైంది. మరుసటి సంవత్సరం మేమిద్దరమే వెళ్లగలిగితే ప్యాకేజీ ధర మళ్లీ చూస్తాను.

రెండు భోజనాలకూ కలిపి అయిన ఖర్చు 318 డాలర్లు.